గొంతు మారిన పాట

మా ఇంట్లో గొడవ మొదలవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్న ఒక పాట మీద మొదలైంది.

నేను దోసెలు వేస్తున్నాను. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నీ హిక్కీ పాత పాటలు మళ్ళీ పాడారు, విను" అంది. పల్లవి సగం కూడా కాకుండానే, "ఆపవే బాబూ, బంగారం లాంటి పాటని పాడు చేశారు" అన్నాను.

"పాడినవాళ్ళే మళ్ళీ పాడుకుంటే పాడు చెయ్యడమేంటమ్మా? పాట నీదా, వాళ్ళదా?" అంది.

నాకు ఉక్రోషం వచ్చింది. "నాది కూడా" అన్నాను. మావారు ఫోన్లోంచి తలెత్తకుండా, "మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి, దోసె మాడుతోంది" అన్నారు.

ఆ పాట నాది ఎలా అయిందో మీకు చెప్పాలి. కొంచెం వెనక్కి వెళ్ళాలి మరి.

మేముండేది టోక్యోలో, నిషికసాయ్‌లో. 2000 ప్రాంతం నుంచీ మన కంప్యూటర్ ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువగా వచ్చి చేరిన పేట ఇది. నేను 2006లో పెళ్ళి చేసుకుని వచ్చాను. తెనాలిలో బీఏ తెలుగు చదివి, ఇక్కడ చెత్త ఏ రోజు ఏ సంచీలో వెయ్యాలో రాసిన కాగితం కూడా చదవలేని దాన్నయ్యాను. మావారు పొద్దున్నే తోజాయ్ లైన్ రైలెక్కి వెళ్ళిపోతే రాత్రికి గానీ రారు. రెండ్రోజులకోసారి ఫోన్ కార్డు గీకి అమ్మతో మాట్లాడటం, మిగతా టైమంతా అర్థం కాని టీవీ చూడటం. అదే నా మొదటి చలికాలం.

2007 జనవరి నుంచి మార్చి దాకా శుక్రవారం రాత్రి పది గంటలకు ఒక సీరియల్ వచ్చేది. పేదింటి పిల్ల, డబ్బున్న అబ్బాయి. మన సినిమా కథే కాబట్టి మాటలు తెలియకపోయినా కథ తెలిసేది. అందులో మధ్యలో 'ఫ్లేవర్ ఆఫ్ లైఫ్' అనే పాట వచ్చేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళమ్మట నీళ్ళు కారేవి. పక్కింటి ఒబాసన్‌ని, అంటే పెద్దావిడని, నాకొచ్చిన నాలుగు మాటల్లో అడిగితే నవ్వి పేరు చెప్పింది. ఉతదా హికరు. ఇక్కడి అభిమానులు ముద్దుగా హిక్కీ అంటారు. తనూ నాలాగే 1983లో పుట్టారని తెలిసి, ఈ ఊళ్ళో నా ఈడు మనిషి ఒకరు దొరికినట్టు సంబరపడ్డాను.

వాళ్ళమ్మ ఫుజి కేయికో కూడా పెద్ద గాయని అని ఒబాసనే చెప్పింది. ఎన్‌కా అని, బతుకు బరువంతా గొంతులో పెట్టి పాడే పాటలు ఉంటాయి ఇక్కడ. 1970లో జపాన్ అంతా ఆవిడ పాటలే వినేదట. ఆవిడ బిడ్డ పదిహేనేళ్ళకే, 1998 డిసెంబరులో, 'ఆటోమేటిక్' అనే పాటతో వచ్చారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'ఫస్ట్ లవ్' ఆల్బమ్ ఒక్క జపాన్‌లోనే 76 లక్షలకు పైగా అమ్ముడైంది. ఈ దేశంలో అంతగా అమ్ముడైన ఆల్బమ్ ఇంకోటి లేదు. ఎంతమంది కొన్నారో అంతమంది అమ్మేశారు కూడానేమో, పాత సీడీల షాపులో నాకు కాఫీ ఖరీదు కంటే తక్కువకి దొరికింది. ఆ పాటల కాగితం ముందేసుకుని, ఒక్కో మాటా డిక్షనరీలో వెతుక్కుంటూ జపనీస్ నేర్చుకున్నాను. పక్క గదిలో ఉన్నవాళ్ళు భరించలేనంతగా పాడుకున్నాను కూడా.

అందుకే 'నాది కూడా' అన్నాను.

ఇప్పుడు ఆ కొత్త ఆల్బమ్ సంగతి. పాటల్లోకి వచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా 2024 ఏప్రిల్ 10న 'సైన్స్ ఫిక్షన్' పేరుతో వచ్చింది. రెండు డిస్కులు, 26 పాటలు. పాత పాటల్లో చాలావాటిని కొత్తగా మిక్స్ చేశారు. అంటే అప్పటి గొంతు అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్న వాద్యాల హెచ్చుతగ్గులు సరిచేస్తారు. పాత ఇంటికి సున్నం వేసినట్టు. మూడు పాటలు మాత్రం 'రీ-రికార్డింగ్'. 1999 నాటి 'అడిక్టెడ్ టు యూ', 2001 నాటి 'ట్రావెలింగ్', 2002 నాటి 'హికరి'. ఈ మూడూ నలభై దాటిన గొంతుతో మళ్ళీ పాడారు.

గొడవైన మర్నాడు అందరూ వెళ్ళిపోయాక, ఎవరూ చూడకుండా తప్పు చేస్తున్నట్టు, మూడూ విన్నాను.

'అడిక్టెడ్ టు యూ' కొత్తది నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. నిజమే చెప్తున్నా. పదహారేళ్ళ పిల్ల ప్రేమలో ఆగలేక గింజుకోవడం ఆ పాటకి అందం. నలభై ఏళ్ళ గొంతు అదే మాట అంటుంటే, గింజుకోవడం గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది తప్ప గింజుకుంటున్నట్టు లేదు.

'ట్రావెలింగ్' దగ్గర ఆగాను. అది ఊపున్న పాట. శుక్రవారం ట్యాక్సీ ఎక్కి ఎటో వెళ్ళిపోయే హుషారు. కానీ అందులో 'హేకే మోనొగతారి' మొదట్లోని మాటలు కలిపారు. అది 12వ శతాబ్దంలో తైరా, మినమోతో వంశాలు కొట్టుకుని, చివరికి తైరా వంశం నాశనమైన కథ. మన పల్నాటి యుద్ధం లాంటిదే, కాలం కూడా దాదాపు అదే. చూపు లేని గాయకులు బివా వాయిస్తూ ఊరూరా పాడేవారట. ఏదీ నిలవదు, ఎంత గర్వించినా చివరికి గాలిలో ధూళే అని మొదలవుతుంది ఆ కావ్యం. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ మాటలు పాడితే, బడిలో బట్టీ పట్టిన పద్యాన్ని సరదాగా వాడుకున్నట్టు వినిపించేది. ఇప్పుడు అవే మాటలు వింటే, పద్యానికి అర్థం తెలిసినవాళ్ళు పాడుతున్నట్టుంది. హుషారు పోలేదు. రాత్రి అయిపోతుందని తెలిసి కూడా ట్యాక్సీ ఎక్కిన హుషారు అది.

మూడోది 'హికరి'. హికరి అంటే వెలుగు. హికరు అనే తన అసలు పేరు కూడా అదే అక్షరంతో రాస్తారు. దాని పాత వీడియో మీరు చూస్తే నవ్వుకుంటారు. పాట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా, కెమెరా కదలకుండా, గిన్నెలు తోముతుంటారు. డాన్సుల్లేవు, విమానాల్లేవు. సింకు, నురగ, గిన్నెలు. ప్రపంచంలో నా కోసం తీసిన వీడియో ఏదైనా ఉంటే అదే అని మావారితో అంటుండేదాన్ని. రేపటి గురించి మరీ ఎక్కువ ఆలోచించొద్దు, ఇవాళ మంచి భోజనం చేద్దాం అన్నట్టుండే పాట.

ఆ కొత్త 'హికరి'ని నేను సింకు దగ్గరే విన్నాను. గొంతు కొంచెం కిందకి దిగింది. ఎక్కడా తోసుకుని ముందుకు రాదు. పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టుంది. వింటూ వింటూ, ఉన్నట్టుండి ఒక లెక్క తట్టింది. ఈ మూడు పాటలూ మొదట పాడినప్పుడు వాళ్ళమ్మ బతికే ఉంది. మళ్ళీ పాడేసరికి లేదు.

ఫుజి కేయికో 2013 ఆగస్టులో అకస్మాత్తుగా పోయారు. హిక్కీ అప్పటికే, 2010 చివర్లో, కొన్నాళ్ళు మామూలు మనిషిలా బతుకుతానని చెప్పి పాటలు ఆపేశారు. మళ్ళీ 2016లో వచ్చారు. ఆ ఏడాది పొద్దున్న వచ్చే ఎన్‌హెచ్‌కే సీరియల్‌కి 'హనతాబా ఒ కిమి ని' అనే పాట పాడారు. 'నీకో పూలగుత్తి' అని అర్థం. పిల్లని బడికి పంపి, బట్టలు ఆరేస్తూ రోజూ వినేదాన్ని. పోయిన తల్లి కోసం రాసిన పాట అని తెలిసినా, అప్పుడు అది నాకు ఎవరి బాధో. మా అమ్మ తెనాలిలో ఉంది, ఫోన్ చేస్తే ఎత్తుతుంది.

మా అమ్మ పెద్దగా చదువుకోలేదు కానీ పాటలు బోలెడు వచ్చు. పెరట్లో అంట్లు తోముతూ సీతమ్మ అప్పగింతల పాట పాడేది. 2019 వేసవిలో వెళ్ళినప్పుడు, ఫోన్లో రికార్డు చేస్తాను పాడమ్మా అన్నాను. "ఇప్పుడేం గొంతుందే, నీ మొహం" అంటూనే కొంగు సర్దుకుని కూచుంది. మొదలుపెట్టింది. గొంతు బొంగురుపోయింది. పైకి వెళ్ళాల్సిన చోట చిన్నగా చీలింది. మధ్యలో దగ్గొచ్చింది.

"అబ్బ, అలా కాదమ్మా. నా చిన్నప్పుడు పాడినట్టు పాడు. జలుబు తగ్గాక మళ్ళీ తీద్దాంలే" అన్నాను. ఆ తీసింది చెరిపేశాను. అమ్మ ఏమీ అనలేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

జలుబు తగ్గింది, నా సెలవులూ అయిపోయాయి. 2020లో ప్రయాణాలు లేవు. 2021 మే నెలలో అమ్మ కరోనాతో పోయింది. ఆ రోజుల్లో ఇండియా వెళ్తే, ఇక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళని కూడా తిరిగి రానిచ్చే పరిస్థితి లేదు. పన్నెండు దాటిన పిల్లని వదిలి వెళ్ళలేకపోయాను. తమ్ముడు ఫోన్ పట్టుకుంటే చూశాను. అంతే.

అమ్మ ఫోటోలు చాలా ఉన్నాయి. గొంతు లేదు. నా చేత్తో నేనే చెరిపేశాను, కొత్త గొంతు నాకు నచ్చలేదని.

ఆ రోజు సింకు ముందు నిలబడి, కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయాను. నాకు పాత 'హికరి'యే ఎందుకు కావాలో అర్థమైంది. ఆ పాటలో పాతికేళ్ళు నిండని నేనున్నాను, ఫోన్ కార్డు అవతల అమ్మ ఉంది. కొత్త దాన్ని ఒప్పుకుంటే అమ్మ లేదని ఒప్పుకోవాలి. హిక్కీ ఆ పని చేశారు. పాత పాట అలాగే ఉంది, ఎవరూ చెరపలేదు, కావాలంటే ఇప్పుడైనా వినొచ్చు. దాని పక్కన, అన్నీ జరిగాక మిగిలిన గొంతుతో, అదే పాట మళ్ళీ పెట్టారు. కీర్తనలో చరణం అయ్యాక పల్లవి మళ్ళీ వస్తుంది చూడండి. మాటలు అవే. చరణం విన్న చెవికి మాత్రం కొత్తగా వినపడుతుంది. కొన్ని చరణాలు అవడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది కాబోలు.

ఈ సంగతి మా అమ్మాయికి వెంటనే చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. వారం తర్వాత, రాత్రి గిన్నెలు కడుగుతుంటే వచ్చి, "ఇంకా కోపమేనా హిక్కీ మీద?" అంది. లేదన్నాను. అమ్మమ్మ పాట సంగతి అప్పుడు చెప్పాను. చెరిపేసిన సంగతి కూడా.

అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పాట నీకు వచ్చా?" అంది.

వచ్చు. పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో హిక్కీ పాటలన్నీ పాడుకున్నాను గానీ ఆ పాట ఒక్కసారి కూడా పాడలేదు. చేతికి నురగ ఉండగానే మొదలుపెట్టాను. రెండో చరణంలో ఒక మాట గుర్తు రాక, రాగంతో దాటించేశాను. పైకి వెళ్ళాల్సిన చోట నా గొంతు కూడా, సరిగ్గా అక్కడే, చీలింది.

అయ్యాక వెనక్కి తిరిగితే దాని చేతిలో ఫోన్ ఉంది. రికార్డు చేసింది.

"గొంతు బాగాలేదే, తీసె..." అని, నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను.

"పేరేం పెట్టనమ్మా?" అంది. నీ ఇష్టం అన్నాను. జపనీస్ అక్షరాల్లో ఏదో కొట్టి చూపించింది. 'అమ్మమ్మ పాట, రీ-రికార్డింగ్'.

మీ అమ్మ ఉంటే ఇవాళే ఒక పాట పాడించుకోండి. గొంతు బాగాలేదు, తర్వాత చూద్దాం అంటుంది. వినకండి. దగ్గుతో సహా దాచుకోండి.