మిగిలిన ముక్క

డాబా మీద చాప. చాప మీద పేక. పక్కనే ఫ్లాస్కులో చాయ్, ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు. ఓ జాతీయ బ్యాంకులో మేనేజరుగా పనిచేస్తున్న పెద్దమనిషి మెల్లగా లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుని అరచేతులు ఆడించాడు. మెడ సాగదీసి, కళ్లు మూసుకుని, నోరు బార్లా తెరిచాడు.

శబ్దం మాత్రం రాలేదు.

చూస్తున్న ఇద్దరు మిత్రులూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పిల్లలకేమో ఏమీ అర్థం కావడం లేదు. గాడిద ఓండ్ర పెట్టాలంటే గట్టిగా పెట్టాలి కదా, ఈ మూగ గాడిద ఏమిటి?

మొఘల్‌పురాలోని ఆ ఇంటి మీద ఏటా డిసెంబరు చివరి ఆదివారం జరిగే తంతు ఇది. గాడిద ఆటలో ఓడినవాడు ఓండ్ర పెట్టాలి. కానీ చప్పుడు కాకూడదు. ఆ రూలు వెనక ఓ కథ ఉంది.

కర్ఫ్యూలో పుట్టిన ఆట

1990 డిసెంబరు. మత ఘర్షణలతో పాతబస్తీ అట్టుడికిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. రోజుల తరబడి కర్ఫ్యూ. గల్లీలో బూట్ల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. సడలింపు ఇచ్చిన కాసేపట్లోనే పాలు, కూరలు తెచ్చుకుని తలుపులు వేసుకోవాలి. బడి లేదు. వీధిలో క్రికెట్ లేదు.

కానీ డాబాలున్నాయి. పిట్టగోడ దాటితే పక్కిల్లు, ఇంకో గోడ దాటితే ఆ పక్కిల్లు. అలా నాలుగిళ్ల పిల్లలు ఒక డాబా మీదకు చేరారు. అందరికీ పదకొండు, పన్నెండేళ్లు. రెండిళ్లలో తెలుగు, రెండిళ్లలో ఉర్దూ. కింద పెద్దవాళ్లు ఒకరిని చూసి ఒకరు భయపడుతున్న రోజుల్లో పైన వీళ్లు పేక పంచుకున్నారు.

పేక ఓ పిల్లాడి తాతగారిది. అంచులు నలిగిపోయి, కళావరు ఏడు కనిపించకుండా పోయింది. ఆ ఇంటివాళ్లకు ఛత్తా బజార్‌లో ప్రింటింగ్ ప్రెస్సు. పెళ్లికార్డు అట్ట ముక్క ఒకటి కత్తిరించి, దాని మీద ఏడు అని రాసేశారు. వెనక బంగారు రంగు పూలుండేవి కాబట్టి ఆ ముక్క ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోయేది. అది వచ్చినవాడి మొహం చూసి మిగతావాళ్లకు నవ్వాగేది కాదు.

ఆట తెలియనివాళ్లు తక్కువే. 52 ముక్కలూ పంచేయాలి. ఇస్పేటు ఆసు ఉన్నవాడు మొదలుపెట్టాలి. ఏ రంగు పడితే అందరూ అదే రంగు వేయాలి. ఆ రంగు లేనివాడు వేరే రంగుతో కొడతాడు. అప్పటికి పెద్ద ముక్క వేసినవాడు పడ్డవన్నీ ఏరుకోవాలి. చేతులు ఖాళీ అయినవాడు గట్టెక్కినట్టు. చివరికి ముక్కలు పట్టుకుని మిగిలినవాడే గాడిద! కేరళలోనూ దీన్ని గాడిద పేరుతోనే పిలుస్తారు. పంజాబ్‌కు వెళితే ఓడినవాడు ‘భాభీ’ అవుతాడు.

గాడిదైనవాడు ఓండ్ర పెట్టాలని మొదటిరోజే తీర్మానించారు. చప్పుడైతే పోలీసులొస్తారని ఓ తల్లి భయపడింది. అందుకే మూగ ఓండ్ర. నవ్వు కూడా అంతే... చేతుల్లో మొహం దాచుకుని, భుజాలు మాత్రమే ఊగేలా!

ఒకే ముక్కకు రెండు పేర్లు

ఆ డాబా మీద ప్రతి ముక్కకూ రెండు పేర్లుండేవి. ఒకడు ఇస్పేటు అంటే ఇంకొకడు హుకుం అనేవాడు. ఆఠీను అంటే పాన్. డైమాను అంటే ఈంట్. కళావరు అంటే చిడీ. మొదట తగువులాడుకున్నా, వారం తిరిగేసరికి ఎవరి నోటికి ఏ పేరొస్తే అదే. ఇస్పేటు ఇక్కా, హుకుం ఆసు... అంతా కలగాపులగం.

నిజానికి పేకాటకు సొంత ఊరంటూ ఎక్కడుంది? బాబర్ 1527లో సింధ్‌లోని మిత్రుడికి గంజిఫా ముక్కలు కానుకగా పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. గుండ్రటి ముక్కలు, మొఘల్ గంజిఫాలో మొత్తం 96. ఆ తర్వాత సముద్రం మీద వచ్చిన ఐరోపావాళ్ల నలుపలకల ముక్కలు వాటిని పక్కకు నెట్టేశాయి. డచ్చివాళ్లు 1605లోనే మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. వాళ్ల భాషలో కళావరును ‘క్లావెరెన్’, ఆఠీనును ‘హార్టెన్’ అంటారు. పోలిక వినగానే తెలుస్తుంది.

పిల్లలకూ ముక్కల పేర్లే పడ్డాయి. ప్రెస్సు వాళ్లబ్బాయి బాద్‌షా. లెక్కల్లో పది మార్కులు తెచ్చుకున్నవాడు దస్సా. ఈనాటి బ్యాంకు మేనేజరు ఆయనే! పిట్టలా సన్నగా ఉండేవాడు చిడీ. ఇప్పుడు శాలిబండలో మందుల షాపు, తొంభై కిలోల బరువు. నాలుగోవాడు జోకర్. ఓడిపోతే బాధపడేవాడు కాదు సరికదా, గాడిద అయ్యే అవకాశం కోసం గెలిచే ముక్కను దాచుకునేవాడు. వాడిలా మూగ ఓండ్ర ఎవరూ పెట్టలేరు. చెవులు నిజంగానే కదిలించేవాడు.

తర్వాత కుటుంబాలు చెదిరాయి. ఒకరు దిల్‌సుఖ్‌నగర్, ఒకరు మెహిదీపట్నం. జోకర్ ఉద్యోగం బెంగళూరులో. అయినా పెళ్లిళ్లయ్యాక మళ్లీ డాబా గుర్తొచ్చింది. ఏడాదికోసారి బాద్‌షా ఇంటికి రావాలన్నది ఒప్పందం. అదే డాబా, అదే మూగ ఓండ్ర.

జోకర్ రాని డిసెంబర్లు

2020 లాక్‌డౌన్‌లో జోకర్ ఫోనులో రమ్మీ మొదలుపెట్టాడు. మొదట కాలక్షేపానికి, తర్వాత వందలకు, ఆ తర్వాత వేలకు.

రమ్మీ జూదమా కాదా అన్న తగువు పాతదే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1967లో కోర్టు చెప్పింది. అదృష్టం మీద నడిచే మూడు ముక్కల ఆటలాంటిది కాదంది. అయితే అది నలుగురు ఎదురెదురుగా కూర్చుని ఆడిన కాలం. ఫోనులోకి వచ్చాక కథ మారింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది.

జోకర్‌కు ఆ చట్టం ఆలస్యంగా వచ్చింది. 2021లో కూతురి ఫీజు కట్టాలని బాద్‌షా దగ్గర రెండు లక్షలు తీసుకున్నాడు. అది ఫీజుకు పోలేదని కొన్నాళ్లకు అతని భార్య ఫోను చేస్తే తెలిసింది. బాద్‌షా పల్లెత్తు మాట అనలేదు. ఆ డిసెంబరులో జోకర్ రాలేదు. ఆ మరుసటి ఏడాదీ రాలేదు. అలా నాలుగేళ్లు.

ఇద్దరు ఓడిపోయినవాళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. గాడిద ఆటలో ఓడినవాడు అందరి మధ్యలో ఉంటాడు. వాడి చుట్టూ నవ్వులు, వాడి చేతికే మొదటి చాయ్. డబ్బు పెట్టి ఓడినవాడు అర్ధరాత్రి దుప్పటి కింద ఫోను వెలుగులో ఒంటరిగా ఉంటాడు. అవతల గెలిచిందెవరో తెలియదు. ఓడిన సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పలేడు. నవ్వించేవాడికి నవ్వడానికి మొహం చెల్లకుండా పోయింది.

ముగ్గురికి 52 ముక్కలు పంచితే తలా పదిహేడు, ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన ముక్కను జోకర్ కూర్చునే చోట బోర్లా పెట్టేవారు. ఎవరూ తిప్పి చూసేవారు కాదు. ఒక ఏడాది పంపకం అయ్యాక ‘హుకుం ఇక్కా ఎవరి దగ్గరుంది?’ అంటే ఎవరూ పలకలేదు. ముగ్గురూ తమ ముక్కలు రెండేసి సార్లు చూసుకున్నారు. చివరికి చిడీ చేయి చాచి ఆ బోర్లా ముక్కను తిప్పాడు.

ఇస్పేటు ఆసు! అది లేకుండా ఆట మొదలే కాదు. ఆ రాత్రి మళ్లీ పంచలేదు.

కొన్నాళ్లకు బాద్‌షా తన ప్రెస్సులో ఒకే ఒక్క కార్డు అచ్చువేశాడు. పెళ్లికార్డు అట్ట, బంగారు అంచు. లోపల రెండే వాక్యాలు: ‘ఏటా ఒక ముక్క మిగిలిపోతోంది. దయచేసి వచ్చి తీసుకెళ్లగలరు.’ అప్పు సంగతి అందులో లేదు.

ఛత్తా బజార్ పేక

పోయిన డిసెంబరులో జోకర్ వచ్చాడు. వెంట కాలేజీలో చదివే కూతురు. అందరూ లేచి కౌగిలించుకున్నారు. తర్వాత ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు. జోకర్ ఒక్క జోకూ వేయలేదు. గోడకు ఆనుకుని, చాయ్ చల్లారిపోతున్నా కప్పు పట్టుకునే ఉన్నాడు.

ఆ అమ్మాయి బ్యాగులోంచి ఓ డబ్బా తీసింది. స్నేహితులు కలిసినప్పుడు ఆడుకునే సరదా ముక్కలు. ఒక ముక్క మీద ఖాళీ ఉన్న వాక్యం, మిగతా ముక్కల మీద జవాబులు. ఎక్కువ నవ్వించే జవాబు వేసినవాడిదే గెలుపు. 2011లో అమెరికాలో ఇలాంటి ఆట ఒకటి అమ్మకానికొచ్చింది. చికాగో దగ్గర ఒకే హైస్కూల్లో చదువుకున్న మిత్రులు కొత్త సంవత్సరం పార్టీ కోసం సరదాగా తయారుచేసుకున్నదే అది. తర్వాత ప్రపంచమంతా పాకింది.

డాబా మీద మాత్రం అమ్మాయి తెచ్చిన డబ్బా తుస్సుమంది. అన్నీ ఇంగ్లీషు జోకులు. సగం అర్థం కావు, మిగతా సగం పెద్దల ముందు చదవలేరు.

‘మనమే రాసుకుందాం అంకుల్’ అందా అమ్మాయి. బాద్‌షా కిందికెళ్లి మిగిలిపోయిన పెళ్లికార్డుల అట్టలు, కత్తెర తెచ్చాడు. అరగంటలో పిల్లలూ పెద్దలూ కలిసి నూరు ముక్కలు రాశారు. కొన్ని తెలుగులో, కొన్ని ఉర్దూలో. తీర్పు చెప్పేవాడికి ఖాజీసాబ్ అని పేరు పెట్టారు. ముక్కలన్నీ బోర్లా వేసి కలిపి, ఖాజీసాబ్ ఒక్కొక్కటే పైకి చదవాలి. ఎవరిది ఏదో తెలియకూడదు.

‘డాక్టరు స్కానింగ్ చూసి అదిరిపడ్డాడు. పేషెంటు కడుపులో కనిపించింది...’

‘ఐస్‌క్రీం డబ్బాలో దోసెల పిండి.’

‘పెళ్లిలో బిర్యానీ అయిపోయిందనగానే పెళ్లికూతురి తండ్రి పట్టుకున్నది...’

‘దస్సా లెక్కల పేపరు.’

డాబా దద్దరిల్లింది. మేనేజరుగారు అప్పీలుకు వెళతానన్నాడు. బాద్‌షా ఖాజీసాబ్‌గా కూర్చున్నాడు. చిడీ కొడుకు ఓ వాక్యం ముక్క తీసి చదివాడు. అది రాసిందీ వాడే. వాడికేమీ తెలియదు పాపం.

‘అప్పు ఇచ్చినవాడు రోడ్డు మీద ఎదురైతే నోట్లోంచి వచ్చే మొదటి మాట...’

పెద్దవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. దస్సా ఆకాశంలోకి చూశాడు. జోకర్ కూతురు తల దించుకుంది. వేరే వాక్యం తీద్దామని చిడీ నోరు తెరిచేలోగా చాప మీద ఒక ముక్క బోర్లా పడింది. తర్వాత మిగతావీ పడ్డాయి.

బాద్‌షా కలిపి చదివాడు. ‘పావురాల గూడు’... ఎవరూ నవ్వలేదు. ‘మిర్చీ కా సాలన్’... నిశ్శబ్దం. మూడో ముక్క తీసి ఆగిపోయాడు. గొంతు సవరించుకుని చదివాడు.

‘బస్, పాంచ్ మినిట్ మే ఆతూం!’

ఐదు నిమిషాల్లో వస్తున్నా! పాతబస్తీలో ఆ ఐదు నిమిషాలకూ గడియారానికీ సంబంధం ఉండదని అందరికీ తెలుసు. ‘ఈ ముక్క ఎవరిది?’ అన్నాడు ఖాజీసాబ్.

జోకర్ చేయెత్తాడు. ‘నాదే భాయ్. నాలుగేళ్లు పట్టింది’ అన్నాడు.

ముందు బాద్‌షాయే నవ్వాడు. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. జోకర్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ రౌండు ఆయనకే ఇచ్చారు.

అప్పు ఆ రాత్రి మాఫీ కాలేదు. జోకర్ అడగలేదు, బాద్‌షా అనలేదు. నెలనెలా కొంత చొప్పున తీరుస్తున్నాడు. ఫోనులో ఆటలు మానేశాడు. డబ్బు లెక్కలన్నీ ఇప్పుడు ఇంట్లో భార్య చేతిలోనే.

చివరిగా పాత పేక తీశారు. నలుగురికీ పదమూడేసి, ఏ ముక్కా మిగల్లేదు. గాడిద ఎవరయ్యారో చెప్పనక్కర్లేదు. గెలిచే ముక్క దాచుకున్నాడని చిడీ అనుమానం.

జోకర్ లేచాడు. చెవులు ఆడించాడు. మెడ సాగదీశాడు. అందరూ చేతుల్లో మొహాలు దాచుకుని సిద్ధంగా ఉన్నారు. కానీ ఈసారి చప్పుడొచ్చింది. మామూలుగా కాదు... గల్లీ చివరిదాకా వినిపించేలా! గూళ్లలో పావురాలు టపటపా లేచాయి. పక్క డాబా మీద లైటు వెలిగింది.

‘క్యా హువా బేటా?’ అందో పెద్దావిడ కంగారుగా.

‘కుఛ్ నై ఖాలా’ అన్నాడు బాద్‌షా, నవ్వు ఆపుకుంటూ. ‘హమారా గధా వాపస్ ఆగయా!’