డెల్టాకు సొంత క్వారీ

నిర్మాణ వ్యర్థాల మీద రాయమని సంపాదకులు అడిగితే విజయవాడలో పాత ఇళ్ల సామాను అమ్మే ఒక డిపో చూడటానికి వెళ్లాను. ద్వారబంధాలు, టేకు దూలాలు, కిటికీ చువ్వలు ఎన్ని ఉన్నా, చూపంతా ఇటుకలు శుభ్రం చేస్తున్న పెద్దాయన చేతుల మీదే నిలిచింది. ఎడమచేత్తో ఇటుకను తిప్పుతూ తాపీ అంచుతో గీకుతుంటే పాత గానుగ సున్నం పొరలుగా రాలుతోంది. ఇటుక మాత్రం చెక్కుచెదరడం లేదు. సిమెంటుతో కట్టినది తగిలితే పక్కన పడేస్తున్నారు. “సిమెంటు వదలదండీ, ఇటుకే పగులుద్ది. పైగా జేసీబీ పెట్టి అంతా ఒకటే కుప్ప చేస్తుంటే మా దాకా ఏం మిగులుద్ది?” అన్నారాయన.

ఆయన బాధ న్యాయమైనది. కాంక్రీటు, ఇటుక, ఇనుము, చెక్క విడిగా ఉన్నంతసేపు దేని గిరాకీ దానికుంటుంది. కలిసిపోతే అన్నీ చెత్తే. కృష్ణా డెల్టాకు ఈ నష్టం మరీ ఎక్కువ. ఇక్కడ కాలి కింద ఉన్నది నల్లరేగడి. కంకర కావాలంటే పరిటాల, దొనబండ వైపు కొండలు తొలవాలి, ఇసుక కృష్ణలో తవ్వాలి. అలాంటి నేలలో కూల్చిన స్లాబే మనకున్న సొంత క్వారీ. పాత కంకరతో కట్టడం గట్టిగా ఉంటుందా అన్న అనుమానం సహజమే. అయితే భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016 సవరణలో, కాంక్రీటు శిథిలాల నుంచి తీసిన కంకరను ఎం25 గ్రేడు వరకు ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం, ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం, పునాది కింద వేసే పలచని కాంక్రీటులో పూర్తిగా వాడుకోనిచ్చింది.

పల్లపు స్థలాలు మెరక చేయడానికి ఈ శిథిలం పనికొస్తూనే ఉందిగా అనేవారూ ఉన్నారు. ఇంటి పునాది లోపల నింపితే తప్పులేదు. కాలువ గట్టున, వాగు పక్కన పోసినది మాత్రం నీటి దారినే మూస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. గండ్లు పడటం పెద్ద కారణమే, నిజం. అయినా ఆ వరద చూశాక కూడా నీరు పోయే చోట లారీల కొద్దీ శిథిలాలు దింపనివ్వడం క్షమించరానిది. 2016 కేంద్ర నిబంధనలు శిథిలాలను వేరుచేసి ఉంచాలన్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త నిబంధనల్లో పునర్వినియోగ లక్ష్యాలు 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవారికే. గవర్నర్‌పేటలో కూల్చే డాబా ఆ కొలత దరిదాపులకు రాదు. అందుకే కొత్త ఇంటి ప్లాను మంజూరు చేసేముందు, పాత ఇంటి శిథిలాలు ఎక్కడ దింపారో చూపే రసీదు ప్రతి యజమాని దగ్గరా నగరపాలక సంస్థ అడిగి తీరాలి.