నాపరాతి దడి మీద ఎండ

పల్నాడుకి కెమెరాతో వచ్చేవాళ్లు కోటప్పకొండ ప్రభల కోసమో, ఎత్తిపోతల కోసమో వస్తారు. నా మనసు మాత్రం గురజాల దారిలో మిరప కల్లాల దగ్గరే ఆగిపోతుంది.

కోతల రోజుల్లో నేలంతా ఎరుపే. అయినా నేను చూసేది తాలుకాయలు ఏరే ఆడవాళ్ల చేతుల్ని. ఘాటు తగలకుండా ముక్కుకి బిగించిన కొంగు, వేళ్ల సందుల్లో పట్టేసిన రంగు, తెల్లబారిన కాయని చూడకుండానే పక్కకి వేసేసే ఒడుపు. పక్కనే నాపరాళ్లు నిలబెట్టిన దడి. మిట్టమధ్యాహ్నం అది ఉత్త బూడిదరంగు. పొద్దు వాలి ఎండ ఏటవాలుగా పడేసరికి రాతి పొరలన్నీ పైకి తేలతాయి. ఎప్పటిదో సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అది!

2022లో కన్నుమూసిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ బతుకమ్మల్నీ పల్లె ఇళ్ల తలుపుల్నీ ఒకే ప్రేమతో ఫొటోలు తీశారు. తలుపుకీ ఒక ముఖం ఉంటుందని నాకు తెలిసింది ఆయన వల్లే. పల్నాడు అదే ఏడాది జిల్లా అయింది. అయినా ఆ పేరు వినగానే ఇప్పటికీ గుర్తొచ్చేది పల్నాటి యుద్ధమే: కారెంపూడి, నాగులేరు, వీరులు. ఆ కథ గొప్పదే. మరి ఈ నేల మీద రోజూ వంగి లేచే నడుములకి చిత్రమేది?

"మా చేతులెందుకయ్యా ఫొటో?" అందొకామె. తెర మీద చూపించాను. తేరిపార చూసి, పక్కవాళ్లని కేకేసింది. ఏ చెయ్యి ఎవరిదో పోల్చుకోవడంలో అందరూ పడ్డారు.