పేరులేని భూతము

గడచిన అక్టోబరు 31వ తేదీని మేము ఉత్తర కరోలినా రాష్ట్రమందలి క్యారీ పట్టణమున మా అన్నగారి కుమార్తె ఇంట నుంటిమి. ఆ రాత్రి అచ్చటి పిల్లలు దయ్యముల వేషములు దాల్చి ఇంటింట మిఠాయి అడుగుట ఆచారము. చదునైన తలతో, మెడకిరువైపుల మేకులతో ఒక బాలుడు గుమ్మమున నిలువగా, "ఓహో, ఫ్రాంకెన్‌స్టైన్ వచ్చినాడు!" అంటిమి.

"అది చేసినవాడి పేరు తాతయ్యా, భూతానికి పేరు లేదు" అని మనుమరాలు దిద్దినది.

ఆ మాటతో మాకు బాల్యము జ్ఞప్తికి వచ్చినది. మారిషసు చెరకుతోటలో, కూలీల ఇండ్ల నడుమ తెల్లదుప్పటి కట్టి, 1931 నాటి ఆ చిత్రమును ఒక రాత్రి చూపిరి. పౌరోహిత్యము చేయు మా తాతగారు మాకు రక్షణగా ముందు కూర్చుండిరి. మెరుపుల నడుమ బల్ల పైకి లేచి, శవము చేయి కదలినంతనే ఆయన ఆంజనేయ దండకము నందుకొనిరి. పగలు తోటలో అందరిని గడగడలాడించు సర్దారు మా నాయనమ్మ వెనుక దాగెను. గాలిమర తగులబడుచుండగనే అందరము పరుగు లంకించుకొంటిమి. దారిలో చెరకాకు కదలిన నదియు భూతమే!

మరునాడు తాతగారు తీర్పు చెప్పిరి: "జాతకర్మ లేదు, నామకరణం లేదు. పుట్టించినవాడే చూసి పారిపోయాడు. పేరు పెట్టని బిడ్డ ఎట్లా బాగుపడుతుందిరా?" మేము పొట్టలు పట్టుకొని నవ్వితిమి.

క్యారీలో ఆ రాత్రి పిల్లలతో కలిసి ఆ చిత్రమును మరల చూచితిమి. డెబ్బది నిమిషములలో ఒక్క కేకయు వేయలేదు. కొలనిలో తేలు పూలను చూచి, చిన్నపిల్లయు అట్లే తేలుననుకొని భూతము ఆమెను నీట వేయు ఘట్టము, వెనుక కత్తిరింపబడి చాలకాలమునకు మరల చేర్చబడినది. అది చూచి మాకు భయము గాక జాలి కలిగినది.

అంతకంటె మమ్ము కదిలించినది చిత్రము మొదట వచ్చు పాత్రల పట్టిక. భూతము చెంత నటుని పేరు లేదు. ప్రశ్నార్థకము మాత్రమే కలదు. మా తాతగారి తండ్రిగారికి సర్కారు పుస్తకములో ఒక అంకె యుండెను. కోరంగి రేవునుండి ఓడ లెక్కిన మనవారిని కోరంగీలనిరి. వారికి రేవు పేరు, దీనికి చేసినవాని పేరు!

ఈసారి మేము కడవరకు కూర్చుంటిమి. చివర మరల వచ్చిన పట్టికలో ఆ పేరు కనబడినది: బోరిస్ కార్లాఫ్. అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887లో లండనులో పుట్టి, కెనడాలో కాయకష్టము చేసి నటుడైనవాడు. ఆయన పూర్వులలో భారతీయులును కలరట! జాక్ పియర్స్ అనునతడు ఆయనకు ఆ వేషము వేయుటకు దినమునకు నాలుగు గంటలు పట్టెడిదట. మన పెండ్లికూతురికైనను అంత సేపు పట్టదు.

నాడు పారిపోకున్నచో ఆ పేరు అప్పుడే చదివియుందుము. తాతగారి తీర్పునకు మేమిక నవ్వము. మనుమరాలిని చెంత కూర్చుండబెట్టుకొని, ఆ అంకె గల పెద్దాయన పేరు చెప్పి, ఆమెచేత ముమ్మారు పలికించితిమి.