ఎడమచేతి ముద్ద

పిల్లలూ! టోకియోలో మా మనుమడితో కలిసి ఒక సుషీ భోజనశాలకు వెళ్ళాను. ఈ నగరం పేరు ఎడోగా ఉన్న రోజుల్లో, అంటే 1868కి ముందే, ఇక్కడ పుట్టిన సుషీ రకం అది. వెనిగర్ కలిపిన అన్నాన్ని చేత్తో ఒత్తి, పైన చేపముక్క పెడతారు. అక్కడ "ఒమకాసే" పద్ధతి. అంటే "అంతా మీకే వదిలాను" అని. ఏమి వడ్డించాలో వంటవాడిదే నిర్ణయం. ఒక్కొక్క ముద్దే చేసి మన ముందు పెడతాడు.

మనుమడు మొదటి ముద్దను ఎడమచేత్తో తీశాడు. నేను కసిరాను. వంటవాడు ఏమీ అనలేదు. రెండో ముద్దను మాత్రం వాడి ఎడమచేతికి అందేటట్లు తిప్పి పెట్టాడు!

నాకు సిగ్గువేసింది. బడిలో నన్ను నమ్మి కూర్చున్న ఎడమచేతివాటం పిల్లలను మందలించి, కుడిచేత్తోనే వ్రాయించాను. నమ్మినవారిని ముందు చూడాలి. వడ్డన ఆ తరువాత.

ఇప్పుడు మనుమడిని నేను కసరడం లేదు.