గాంధారము లేని గిటారు

నలువది యేండ్లు దాటిన పిదప మేము గిటారు చేతబట్టితిమని విని మా శిష్యులు నవ్వుకొనుట సహజమే. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నున్ననాడే మాకీ కోరిక యుండెను. కాని చిన్ననాట విరిగి యతుకుకొనిన మా యెడమచేతి నడిమివ్రేలు పూర్తిగా వంగదు. మూడు నాలుగు తీగలను వేఱువేఱు మెట్లయందు నొక్కవలసిన స్వరకూటములు దానికి లొంగవు. కావున నా యాశను విడిచియుంటిమి.

ఇటీవల విద్యార్థి యొకడు ‘పవర్ కార్డు’ను గూర్చి మాకు జెప్పెను. (తపాలాకార్డు వలె వినబడినను నిది స్వరకూటమునకు ఆంగ్లేయులు పెట్టిన పేరు.) సామాన్య స్వరకూటమున షడ్జము, గాంధారము, పంచమము నుండును. అందు గాంధారమును దీసివేయగా మిగిలినదే పవర్ కార్డు. అంతరగాంధార మున్న నుల్లాసమును, సాధారణగాంధార మున్న విషాదమును దోచును. ఏదియు లేనందున నిది యే భావమునకును లోబడక నిలుచును. మన తంబురాలో మ్రోగునవియు సామాన్యముగా షడ్జపంచమములే గదా!

చూపుడువ్రేలిని ఆఱవదియగు లావుపాటి తీగ మూడవ మెట్టున నుంచవలెను; ఉంగరపువ్రేలిని ప్రక్కనున్న యైదవ తీగ యైదవ మెట్టున నుంచవలెను. తారషడ్జము గూడ గావలెనన్న చిటికెనవ్రేలు నాలుగవ తీగపై నదే మెట్టున నుండును. నడిమివ్రేలికి బనియే లేదు! ఈ సంగతి గ్రహించిన నాటి మా సంతోషము వ్రాయ నలవిగాదు. చేతి యాకారమును మార్చక మెట్లవెంట జరిపినచో కూటము మాఱుచుండును. కష్టమంతయు మిగిలిన సన్నతీగలు మ్రోగకుండ నాపుటయందే యున్నది. చూపుడువ్రేలి యడుగుభాగముతో వానిని మెత్తగా దాకియుంచవలెను. దీనికే మాకు రెండు మాసములు పట్టినది.

విద్యుద్గిటారు ధ్వనిని బుద్ధిపూర్వకముగా బొంగురుపఱచినపుడు రెండు స్వరముల మొత్తమును భేదమును గూడ క్రొత్తస్వరములై పుట్టును. సెకనునకు 200, 300 కంపనములు గల షడ్జపంచమముల నుండి 100, 500 పుట్టును. అన్నియు 100కు గుణిజములే కావున పొందికగా వినబడును. గాంధారము చేరిన నీ పొందిక చెడి రొద యగును.

బర్మింగుహాము వాసియగు టోనీ అయోమీ 1965లో, తన పదునేడవ యేట, లోహపుఱేకుల కర్మాగారమున కుడిచేతి రెండువ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. అతడు ఎడమచేతివాటము వాడగుటచే తీగలు నొక్కునది యా చేయియే. ప్లాస్టికు సీసాను గరగించి తొడుగులు చేసికొని, యిట్టి కూటములనే విరివిగా వాడి, 1970లో బ్లాక్ సబ్బాత్ బృందపు తొలి యాల్బమున వాయించెను. వారి పాటలు మాకంతగా రుచింపవు. ఆ తొడుగుల సంగతి మాత్రము మఱువలేకున్నాము.

మొన్న మూడు కూటములను వరుసగా దప్పకుండ వాయించితిమి. నాలుగవదానికి జరుపునపుడు చిటికెనవ్రేలు ఇంకను వెనుకబడుచున్నది.