పెట్టెలోని వెండిరూపాయలు

నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనున్న మా బిజినేపల్లి ప్రాంతము 1948 వరకు హైదరాబాదు రాజ్యములోనిది. ఇచ్చటి పాతయిండ్లలో అత్తనుండి కోడలికి, తల్లినుండి కూతునకు వచ్చిన వెండిరూపాయలు కొన్ని పెట్టెల యడుగున నేటికిని గలవు. కడియములు చేయింపదలచినపుడు వానినెల్ల నొక్కటిగా తూచి కంసాలి చేతి కిచ్చుట వాడుక. అన్నియు తెల్లనివే గావున అన్నిటిలోను వెండి సమానమని తలంతురు. సోదరీమణులారా, ఇది నష్టము దెచ్చు తలంపు.

ఆ కాలమున రెండు రూపాయలు చెల్లుచుండెడివి. నిజాము ప్రభుత్వముది హాలిసిక్కా. ఆంగ్ల ప్రభుత్వముది కల్దారు. హాలిరూపాయి 11.18 గ్రాముల తూకము, అందు నూటికి 81.8 పాళ్లు వెండి. కల్దారు 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు. కాబట్టి మొదటిదానిలో 9.14, రెండవదానిలో 10.69 గ్రాముల మేలివెండి యున్నది. ఆరు కల్దారులకు ఏడు హాలిరూపాయలు మారుచుండుట కిదియే కారణము. లెక్క చూచుకొనిన రెండువైపుల వెండి యించుమించు సమానముగ వచ్చును.

యుద్ధకాలమున, 1940లో, కల్దారునందలి వెండిని సగమునకు దించిరి. తక్కినది రాగి 40, నికెలు 5, తుత్తునాగము 5 పాళ్లు. ముఖమదే, తూకమదే, వెండి మాత్రము 5.83 గ్రాములే. 1947 నాటి రూపాయిలో వెండియే లేదు, అంతయు నికెలు.

ఈ యుపాయము మనదేశమున బుట్టినది కాదు. పోర్చుగల్ దేశమున పూర్వము దిన్హేరో యను చిన్ననాణెము రాగియే హెచ్చుగా, వెండి కొలదిగా కలిపి చేసెడివారు. ఫెర్నాందు రాజు (1367–1383) కాస్తీలుతో యుద్ధములు సేయుచు నాణెముల వెండిని మఱింత తగ్గించెను. రాజులు పోరాడిన వ్యయము గృహిణి మూటలోనుండి తఱుగుట యన్ని దేశములందును గలదు. నేటికిని ఆ భాషలో ధనమునకు దిన్హేరో యనియే పేరు.

ఇట్టి నాణెములు తెల్లగా నుండుట కొక కారణ మున్నది. ముద్రించుటకు ముందు ఆమ్లములో నుంచినచో పైనున్న రాగి కరగి, వెండిపొర మీగడవలె నిలుచును. చింతపండు, బూడిదలతో గట్టిగా తోమినచో ఆ పొర యరగి రాగి బయటపడును. గీటురాయిపై తేలికగా గీసినను ఆ పొరయే పలుకును గాని లోపలి నిజము పలుకదు.

కనుక రూపాయలను మూడు కుప్పలు చేయుడు. చార్మినారు బొమ్మ గలది హాలిది. దాని ద్వారమున ‘మీమ్’ అక్షర మున్నచో మహబూబలీఖానుది, ‘ఐన్’ ఉన్నచో ఉస్మానలీఖానుది. రాజముఖము గల వానిలో 1940కి పూర్వపువి వేఱు, 1940 మొదలు 1945 వరకుగలవి వేఱు. ఒక్కొక్క కుప్పకు వేఱు ధర యడుగుడు. హాలిసిక్కా 1959 నుండి చెల్లుట లేదు. కాని కరగించిన పిదప దాని కథ తిరిగి రాదు. ఒక్కొక్క రకమున నొక్కటి కూతునకై దాచి, ఈ లెక్కనుగూడ ఆమెకు నేర్పుట మేలు.